పేపర్లు లెక్కపెట్టే ముందు చదవండి: మెడికల్ కాలేజీ అధ్యాపకుల పరిశోధనను ఎలా అంచనా వేయాలి

నేను మొదటిసారి ఒక కాలేజీలో అప్రైజల్ కమిటీలో కూర్చున్న రోజు ఇప్పటికీ గుర్తుంది. మధ్యాహ్నం భోజనం వేళకి తొమ్మిది ఫైళ్లు ముగించాం. ఫైలు తెరవడం, పేపర్ల జాబితా పక్కన పెన్సిల్‌తో ఒక అంకె వేయడం, ఆ అంకెను బట్టి 'బాగుంది' అనో 'పరవాలేదు' అనో రాయడం. ఒక్క పేపరు కూడా ఎవరమూ చదవలేదు. ఆ తొమ్మిది మందిలో ఒకావిడ అసిస్టెంట్ ప్రొఫెసర్. ఏజెన్సీ గ్రామాల నుంచి కాన్పుకు వచ్చే గర్భిణుల్లో సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్తవ్యాధి ఎంతమందికి ఉందో, వాళ్లకు ఏమవుతోందో మూడేళ్లుగా రిజిస్టరు రాస్తున్నారు. అప్పటికి ఆవిడ పేరున ఉన్నది ఒకే ఒక్క పేపరు. 'పరవాలేదు' అని రాసింది నేనే. ఆ రిజిస్టరు విలువ ఏమిటో రెండేళ్ల తర్వాత దాన్ని స్వయంగా తిరగేసినప్పుడు తెలిసింది. అప్పటికే ఆవిడ ఉద్యోగం మానేసి ప్రైవేటు ప్రాక్టీసులోకి వెళ్లిపోయారు.

ఆ తర్వాత విశాఖలోనూ, చుట్టుపక్కల జిల్లాల్లోనూ చాలా కమిటీల్లో కూర్చున్నాను. నెమ్మదిగా ఒక పద్ధతి కుదిరింది. కొత్తగా హెచ్‌ఓడీ (విభాగాధిపతి) బాధ్యత తీసుకున్నవాళ్ల కోసం, కమిటీలో మొదటిసారి కూర్చోబోతున్నవాళ్ల కోసం దాన్ని ఇక్కడ రాస్తున్నాను. ఒక్కో మనిషికి రెండు పూటలు పడుతుంది. అంతకంటే తక్కువలో న్యాయంగా చేయడం నావల్ల కాలేదు.

మొదటి అడుగు: అర్హత వేరు, ఎదుగుదల వేరు

'ఈయనకు ప్రమోషన్ ఇవ్వవచ్చా?' అన్నది ఒక ప్రశ్న. 'ఈయన పరిశోధకుడిగా ఎదుగుతున్నారా?' అన్నది ఇంకో ప్రశ్న. రెంటినీ ఒకే ఫైల్లో కలిపేస్తే రెండోది కనబడకుండా పోతుంది.

మొదటి ప్రశ్నకు జవాబు నియమాల్లో ఉంటుంది. నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో తెచ్చిన నియమాల ప్రకారం అసోసియేట్ ప్రొఫెసర్ కావాలంటే అసిస్టెంట్‌గా నాలుగేళ్ల సర్వీసు, రెండు పేపర్లు ఉండాల్సి వచ్చేది. ప్రొఫెసర్ కావాలంటే అసోసియేట్‌గా మూడేళ్లు, మొత్తం నాలుగు పేపర్లు, వాటిలో కనీసం రెండు అసోసియేట్ అయ్యాక రాసినవి. మొదటి ముగ్గురు రచయితల్లో ఒకరిగానో, కరెస్పాండింగ్ ఆథర్‌గానో (జర్నల్‌తో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే రచయిత) పేరు ఉంటేనే లెక్కకు వచ్చేది. సొంత పరిశోధన, మెటా అనాలిసిస్ (పాత అధ్యయనాల అంకెలను కలిపి లెక్కకట్టడం), సిస్టమాటిక్ రివ్యూ (పాత అధ్యయనాలన్నిటినీ ఒక పద్ధతిలో సమీక్షించడం), కేస్ సిరీస్ (ఒకే తీరు పేషెంట్లు కొందరి మీద రాసినది) చెల్లేవి. ఒక్క పేషెంటు మీద రాసిన కేస్ రిపోర్టు చెల్లేది కాదు. వీటితోపాటు బోధన పద్ధతుల బేసిక్ కోర్సు, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వారి బయోమెడికల్ రీసెర్చ్ బేసిక్ కోర్సు పాసై ఉండాల్సి వచ్చేది. 2025లో అధ్యాపకుల అర్హతల మీద మళ్లీ కొత్త నియమాలు వచ్చాయి కాబట్టి, కూర్చునే రోజుకు ఏది అమల్లో ఉందో కమిషన్ వెబ్‌సైట్ నుంచి ప్రింట్ తీసి బల్ల మీద పెట్టుకోండి. పాత ఫొటోకాపీ చూసి ఎవరి భవిష్యత్తునూ తేల్చకండి.

ఈ పని పావుగంటది. ఆఫీసు సూపరింటెండెంట్ కూడా చేయగలరు. ఆ కాగితాన్ని పక్కన పెట్టి అసలు పనిలోకి రండి.

రెండో అడుగు: ఆ మనిషికి ఎంత సమయం దొరికిందో లెక్కకట్టండి

చాలామంది కమిటీ సభ్యులు ఈ అడుగు వేయరు. అన్యాయం ఎక్కువగా జరిగేది ఇక్కడే.

ఒక తెల్ల కాగితం తీసుకుని ఏడాదికో గీత చొప్పున గీయండి. ఎండీ లేదా పీహెచ్‌డీ అయిన సంవత్సరం నుంచి మొదలుపెట్టండి. వయసుతో పని లేదు. ప్రతి ఏడాది పక్కనా ఆ మనిషి ఏ పనుల్లో ఉన్నారో రాయండి: వారానికి ఎన్ని ఓపీ రోజులు, ఎన్ని ఆపరేషన్ రోజులు, నెలకు ఎన్ని నైట్ డ్యూటీలు, ఎన్ని థియరీ క్లాసులు, పరీక్షల డ్యూటీ, ఇన్‌స్పెక్షన్ పనులు, బదిలీలు, ప్రసూతి సెలవు, ఇంట్లో పెద్దవాళ్ల అనారోగ్యానికి పెట్టిన సెలవు. 2020, 2021 సంవత్సరాల దగ్గర కోవిడ్ వార్డు డ్యూటీ తప్పకుండా రాయండి. ఆ రెండేళ్లలో పేపరు లేదని ఎవరినైనా తప్పుపట్టే ముందు వాళ్లు ఆ రోజుల్లో ఎక్కడున్నారో అడగాలి కదా.

మన విశాఖలోనే చూడండి. ఆంధ్రా మెడికల్ కాలేజీ 1923 నుంచీ ఉంది. దాని బోధనాసుపత్రి కింగ్ జార్జ్ హాస్పిటల్, అంటే కేజీహెచ్‌కు శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు నుంచీ, ఒడిశా దక్షిణ జిల్లాల నుంచీ జనం వస్తారు. రుషికొండలో గీతం వారి మెడికల్ కాలేజీ ఒక డీమ్డ్ యూనివర్సిటీలో భాగం. అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి టాటా మెమోరియల్ సెంటర్ కిందిది. హనుమంతవాకలోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రిది ఇంకో తీరు. ఒక్క ఊళ్లోనే పని పరిస్థితులు ఇంత వేరుగా ఉంటే, ఒకచోటి సర్జన్ పేపర్ల సంఖ్యను ఇంకోచోటి బయోకెమిస్ట్రీ లెక్చరర్ సంఖ్యతో ఎలా పోలుస్తాం? పోల్చక తప్పకపోతే అదే సబ్జెక్టులో, అంతే సర్వీసు ఉన్న, అలాంటి ఆసుపత్రిలోనే పనిచేసేవాళ్లతో పోల్చండి.

కాగితం పూర్తయ్యాక పరిశోధనకు వారానికి నిజంగా ఎన్ని గంటలు మిగిలాయో అంచనాగా కింద రాయండి. నాలుగు గంటలు దొరికిన మనిషి ఏడాదికి ఒక మంచి పని చేస్తే అది పెద్ద సంగతి. వారంలో మూడు రోజులు ఖాళీ ఉన్న మనిషి అంతే చేస్తే మాట్లాడవలసిన విషయం ఉన్నట్టే.

మూడో అడుగు: ఐదు పనులు అడగండి, వాటిని చదవండి

పేపర్ల జాబితా ఎంత పొడవున్నా, 'మీకు నచ్చిన ఐదు పనులు ఇవ్వండి' అని అడగండి. ఒక్కోదానికి అరపేజీ రాసిమ్మనండి: ఏ ప్రశ్నతో మొదలుపెట్టారు, అందులో తన చేతిపని ఏది, దానివల్ల ఎవరికి ఏం తెలిసింది. తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా సరే. జూనియర్ అయితే మూడు చాలు. పేపరే కానక్కరలేదు, నేను చెప్పిన సికిల్ సెల్ రిజిస్టరు లాంటిదైనా ఇవ్వవచ్చు.

ఇక చదవడం. మీ సబ్జెక్టు కాకపోయినా పరవాలేదు, ఈ కిందివి చూడటానికి స్పెషలిస్టు కానక్కరలేదు.

క్లినికల్ ట్రయల్ అయితే సీటీఆర్ఐ (ట్రయల్స్‌ను నమోదు చేసే మన దేశపు రిజిస్ట్రీ) నంబరు వెతకండి. ఆ నంబరులోనే రిజిస్టర్ చేసిన సంవత్సరం, నెల ఉంటాయి. తర్వాత మెథడ్స్ భాగంలో మొదటి పేషెంటును ఎప్పుడు చేర్చుకున్నారో చూడండి. 2018 ఏప్రిల్ 1 నుంచి పేషెంట్లను చేర్చుకోకముందే రిజిస్టర్ చేయాలన్నది నియమం. పేషెంట్లను జనవరిలో చేర్చుకుని నంబరులో ఆగస్టు నెల కనబడితే అడగవలసిన ప్రశ్న దొరికినట్టే. ఎథిక్స్ కమిటీ అనుమతి తేదీని కూడా అలాగే సరిచూడండి.

తర్వాత టేబుళ్లు. ఒక ఫైలు చూస్తుండగా నా కళ్లబడిన వరస చెబుతాను. గ్రూపులో 62 మంది, అందులో షుగరు ఉన్నవాళ్లు 45.5 శాతం అని ఉంది. కాలిక్యులేటర్ తీశాను. 28 మంది అయితే 45.2 శాతం, 29 మంది అయితే 46.8. మధ్యలో 45.5 రావడానికి మనుషులు ముక్కలుగా ఉండరు. ఆ అధ్యాపకుణ్ణి అడిగితే ఆయన ముఖం పాలిపోయింది. ఇంటికి వెళ్లి ఎక్సెల్ షీట్ తెరిచి చూశారు. గ్రూపులో ఏడుగురు మధ్యలో రాకుండా పోయారనీ, టేబుల్ పైన పాత సంఖ్య అలాగే ఉండిపోయిందనీ తేలింది. 55 మందిలో 25 మంది అంటే సరిగ్గా 45.5. అది మోసం కాదు, అజాగ్రత్త. మర్నాడే జర్నల్‌కు దిద్దుబాటు పంపారు. ఆయన మీద నా గౌరవం పెరిగింది, ఆ సంగతి రిపోర్టులో కూడా రాశాను. తప్పు దొరికినప్పుడు మనిషి ఏం చేస్తాడన్నది కూడా ఎదుగుదలలో భాగమే.

చివరగా ప్రశ్నను చూడండి. ఉద్దానంలో కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయి, మన్యంలో జ్వరాల్లో మలేరియా ఎంత, స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుట్టి వచ్చే జ్వరం) ఎంత, కేజీహెచ్‌కు పక్షవాతంతో వచ్చేవాళ్లు ఎన్ని గంటలు ఆలస్యమవుతున్నారు. ఇలాంటి ప్రశ్నలు మన గుమ్మం ముందే ఉన్నాయి. ఎక్కడో ఎవరో చేసిన పనినే వందమంది మీద మళ్లీ చేసి, అదే ఫలితం వచ్చిందని రాసినవాటికంటే, ఇక్కడి పేషెంటుకు పనికొచ్చే చిన్న ప్రశ్నకు నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఇది నా అభిప్రాయం, దీన్ని దాచుకోను.

నాలుగో అడుగు: పేరు ఎక్కడుంది, పని ఎంతుంది

మొదటి ముగ్గురి నియమం వచ్చాక రచయితల వరసకోసం డిపార్ట్‌మెంట్లలో ఎంత టెన్షన్ ఉందో అందరికీ తెలుసు. పని చేయని పెద్దాయన పేరు మూడో స్థానంలో ఉండటం, రాత్రింబవళ్లు కష్టపడిన జూనియర్ ఐదో స్థానానికి జారిపోవడం కొత్త కాదు. మెడికల్ జర్నల్ సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది: ఆలోచనలోనో డేటాలోనో గట్టి పాత్ర ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చేయి ఉండాలి, చివరి ప్రతికి ఒప్పుకోలు చెప్పాలి, పని మొత్తానికి జవాబుదారీ కావాలి. నాలుగూ ఉంటేనే రచయిత.

దీన్ని తేల్చడానికి నిలదీయనక్కరలేదు. మామూలుగా మాట్లాడుతూ రెండు ప్రశ్నలు అడగండి. 'ఈ డేటా ఇప్పుడు ఎక్కడుంది?' 'పేషెంట్లలో ఎవరిని వదిలేయాల్సి వచ్చింది, ఎందుకు?' పని చేసినవాళ్లు వెంటనే చెబుతారు, ఏ బీరువాలో ఉందో కూడా చెబుతారు. చేయనివాళ్లు పీజీ విద్యార్థి పేరు చెబుతారు.

పీజీ థీసిస్‌ల నుంచి వచ్చిన పేపర్లను విడిగా చూడండి. గైడ్‌గా పేరు ఉండటం గౌరవమే. కానీ ఒకరి జాబితాలో పది పేపర్లూ విద్యార్థుల థీసిస్‌లే అయ్యి, పదింటిలోనూ గైడే మొదటి రచయిత అయితే ఆ విద్యార్థులకు ఏం మిగిలిందో అడగండి.

ఐదో అడుగు: జర్నల్‌ను పరీక్షించండి

ఇది త్వరగా అయిపోతుంది. నియమాలు ఒప్పుకునే పబ్‌మెడ్ సెంట్రల్, స్కోపస్, డీఓఏజే లాంటి సూచికల్లో (జర్నళ్లను, పేపర్లను నమోదు చేసే డేటాబేస్‌లు) జర్నల్ ఉందో లేదో ఆ సూచిక సొంత సైట్‌లోనే వెతకండి, జర్నల్ హోమ్‌పేజీ మీద లోగో చూసి నమ్మకండి. వైద్య పేపర్లు వెతికే సైట్ పబ్‌మెడ్‌లో పేపరు కనబడినంత మాత్రాన ఆ జర్నల్, ఎంపిక చేసిన జర్నళ్ల సూచిక అయిన మెడ్‌లైన్‌లో ఉన్నట్టు కాదు, అవి రెండూ వేరు. పేపరు పంపిన తేదీ, ఒప్పుకున్న తేదీ చాలా జర్నల్స్‌లో పేపరు మీదే ఉంటాయి. మధ్యలో నాలుగు రోజులే ఉంటే ఎవరూ చదవలేదనుకోవచ్చు.

ఒక మాట మాత్రం మనసులో పెట్టుకోండి. మోసపు జర్నల్‌కు డబ్బు కట్టి వేయించుకున్న జూనియర్లలో చాలామంది మోసం చేసినవాళ్లు కాదు, మోసపోయినవాళ్లు. ప్రమోషన్ గడువు దగ్గరపడి, దారి చెప్పే పెద్ద దిక్కు లేక జీతంలోంచి కట్టినవాళ్లు. మొదటిసారి అయితే కూర్చోబెట్టి చెప్పండి. అదే పనిగా చేస్తుంటే అప్పుడు రాయండి.

ఆరో అడుగు: అంకెలు చివర్లో

ఇప్పుడు, ఇంత చదివాక, సైటేషన్లు (ఆ పేపరును ఇతరులు తమ పేపర్లలో ఎన్నిసార్లు ప్రస్తావించారో ఆ లెక్క) చూడండి. ముందే చూస్తే ఆ అంకె మీ కళ్లకు గంతలు కడుతుంది.

హెచ్-ఇండెక్స్‌ను 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త ప్రతిపాదించారు. ఒకరి ఐదు పేపర్లకు 40, 12, 5, 4, 1 చొప్పున సైటేషన్లు ఉన్నాయనుకోండి. కనీసం నాలుగేసి సైటేషన్లు ఉన్న పేపర్లు నాలుగు కాబట్టి హెచ్-ఇండెక్స్ 4. మొదటి పేపరుకు 40 బదులు 400 ఉన్నా అంకె 4 దగ్గరే ఉంటుంది. అంటే లోకమంతా వాడుకునే పని ఒక్కటి చేసినవాళ్లను ఈ అంకె చూడలేదు. పైగా సర్వీసు పెరిగేకొద్దీ పెరగడమే తప్ప తగ్గడం దానికి తెలియదు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఆ జర్నల్‌లో గత రెండేళ్లలో వచ్చిన వ్యాసాలకు ఈ ఏడాది వచ్చిన సైటేషన్ల సగటు. అది జర్నల్‌కు సంబంధించిన లెక్క, అందులోని ఒక్కో పేపరుకు కాదు. మనుషుల పనిని ఆ అంకెతో తూచవద్దని 2012లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలైన డోరా ప్రకటన (పరిశోధనను ఎలా అంచనా వేయాలన్న ప్రకటన) స్పష్టంగా చెప్పింది.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. ఇంటిపేరు ముందు రాస్తాం, అసలు పేరు వెనక. జర్నల్స్ చివరి మాటను ఇంటిపేరనుకుంటాయి. దాంతో ఒకే మనిషి పేపర్లు మూడు నాలుగు పేర్ల కింద చీలిపోతాయి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారిన ఆడవాళ్లకు మరీ ఇబ్బంది. ఒక ప్రొఫెసర్ గారికి స్కోపస్‌లో మూడు ప్రొఫైళ్లు ఉన్నాయి, కమిటీ చూసింది వాటిలో చిన్నదాన్ని. కాబట్టి మీరు వెతికి పట్టుకున్న అంకెను వాళ్లకు చూపించి, అన్నీ కలిశాయో లేదో అడగండి. పేరు ఎలా రాసినా పరిశోధకుణ్ణి గుర్తుపట్టే పదహారు అంకెల ఆర్కిడ్ ఐడీ లేకపోతే అక్కడికక్కడే తీసుకోమనండి, డబ్బులేమీ అవ్వవు.

ఈ సందర్భంలో నాకు ఎప్పుడూ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొస్తారు. రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే–సుబ్బారావు పద్ధతి 1925 నాటిది. మన బయోకెమిస్ట్రీ ల్యాబుల్లో ఆ పేరు తెలియనివాళ్లు ఉండరు. అంత పని చేసినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీకి వెళ్లారు. మెథోట్రెక్సేట్ మందు అక్కడ ఆయన నడిపిన బృందం నుంచే వచ్చింది. అగనంపూడిలో ఈరోజు లుకేమియా పిల్లవాడికి ఆ మందు ఎక్కిస్తున్న నర్సుకు ఆయన హెచ్-ఇండెక్స్ ఎంతో తెలియనక్కరలేదు.

ఏడో అడుగు: జాబితాలో లేనివి వెతకండి

ఎథిక్స్ కమిటీ సభ్య కార్యదర్శిగా ఏడాదికి ఎన్నో ప్రోటోకాళ్లు (పరిశోధన ప్రణాళికలు) చదివి దిద్దినవాళ్లకు పేపరు రాదు. ఎంబీబీఎస్ పిల్లల చేత ఐసీఎంఆర్ వారి విద్యార్థి పరిశోధన పథకం ఎస్‌టీఎస్ ప్రాజెక్టులు చేయించినవాళ్లకు మార్కులు పడవు. వార్డులో ఇచ్చే యాంటీబయాటిక్ పద్ధతిని తమ డేటాతో మార్చినవాళ్లు, జిల్లా అధికారులకు నివేదిక ఇచ్చినవాళ్లు, గ్రాంటుకు మూడుసార్లు రాసి మూడుసార్లూ తిరస్కారం పొంది నాలుగోసారి సిద్ధమవుతున్నవాళ్లు ఉంటారు. ఇవన్నీ అడిగితేనే బయటికొస్తాయి. వాళ్ల దగ్గర పనిచేసిన ఇద్దరు పాత విద్యార్థులకు ఫోన్ చేయండి. 'ఆ సార్ దగ్గర ఏం నేర్చుకున్నారు?' అన్న ఒక్క ప్రశ్న చాలు.

బయటి నిపుణుల అభిప్రాయం తీసుకుంటే ముగ్గురు చాలు. మీరు అంచనా వేస్తున్న మనిషితో కలిసి పేపర్లు రాసినవాళ్లు, ఆ మనిషి పాత గైడ్లు వద్దు. 'ఎలాంటివారు?' అని అడిగితే పొగడ్తలే వస్తాయి. 'ఈ రెండు పేపర్లు చదివి, వీటిలో బలమైనది ఏది, బలహీనమైనది ఏది చెప్పండి' అని అడగండి.

ఎనిమిదో అడుగు: ఎదురుగా కూర్చుని మాట్లాడండి

ఓపీ అయిపోయాక, ఫోన్లు పక్కన పెట్టి గంటసేపు. మీ కుర్చీలో మీరు, ఎదురుగా వాళ్లు కాకుండా, బల్లకు ఒకే వైపు కూర్చోండి. మీరు గీసిన ఏడాదుల కాగితం మధ్యలో పెట్టండి. నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: 'ఈ పేపరు మళ్లీ చేయాల్సి వస్తే ఏం మారుస్తారు?' ఒక ఫార్మకాలజీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌ను ఇలా అడిగితే, జేబులోంచి ఓపీ చీటీ తీసి దాని వెనక బొమ్మ గీయడం మొదలుపెట్టారు. మందు మోతాదు ఎక్కడ తప్పుగా ఎంచుకున్నారో, రక్తం నమూనా ఏ గంటకు తీయాల్సిందో చెబుతూ చీటీ అంతా నింపేశారు. ఆయనకు అప్పటికి రెండే పేపర్లు. ఆ చీటీని ఫైల్లో పిన్ చేశాను.

అందరూ అలా మాట్లాడరు. కొందరు భయంతో బిగుసుకుపోతారు, ముఖ్యంగా కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లు. వాళ్లకు ముందే చెప్పండి, ఇది విచారణ కాదని. రెండుసార్లు చెప్పండి.

తొమ్మిదో అడుగు: రిపోర్టు రాయడం

'కష్టపడే స్వభావం', 'ప్రతిభావంతులు' లాంటి మాటలు రాయకండి, అవి ఎవరికైనా అతుకుతాయి. ఇలా రాయండి: 'గత నాలుగేళ్లలో వారానికి సుమారు ఐదు గంటలు పరిశోధనకు దొరికాయి. ఇచ్చిన మూడు పనుల్లో రెండింటిలో ప్రశ్న, డేటా సేకరణ ఆమె సొంతం. గణాంకాల్లో సాయం అవసరం. స్క్రబ్ టైఫస్ మీద పని ఒక దారిలో సాగుతోంది.' చదివిన ప్రిన్సిపాల్‌కు ఆ మనిషి కళ్లముందు కనబడాలి.

బలహీనత రాసిన ప్రతిచోటా పక్కనే డిపార్ట్‌మెంటు ఏం చేస్తుందో రాయండి. గణాంకాలు రావంటే ఎవరి దగ్గర నేర్పిస్తారు? సమయం లేదంటే ఏ పూట డ్యూటీ తీసేస్తారు? వచ్చే మూడేళ్లకు ఒక్క ప్రశ్న ఎంచుకోమనండి, ఐదు వద్దు. ఆ ప్రశ్న, మీరిచ్చే సాయం, మళ్లీ కూర్చునే తేదీ ఒకే పేజీలో ఉండాలి. ముసాయిదా వాళ్లకు చదవడానికి ఇవ్వండి, అభ్యంతరం ఉంటే వాళ్ల మాటల్లోనే కింద రాయనివ్వండి. ఇద్దరూ సంతకం చేసి చెరో కాపీ ఉంచుకోండి.

ఆరు నెలలకు ఆ పేజీ తీసి, మీరు ఇస్తానన్న పూట నిజంగా ఇచ్చారో లేదో డ్యూటీ చార్టుతో సరిచూడండి. ఇవ్వకపోయి ఉంటే ఆ సంగతిని వాళ్ల ఫైల్లో మీ పేరున, తేదీ వేసి రాయండి. వచ్చే కమిటీ ఆ కాగితాన్ని చూడాలి.